రోటరీ ఇంజిన్ విమానానికి ఏ ఇంధనం? ఆక్టేన్ కంటే ముందు చూడాల్సినవి

సొంతంగా కట్టుకున్న (హోమ్‌బిల్ట్) విమానంలో రోటరీ ఇంజిన్ పెట్టాలనుకునేవాళ్లు ఇంధనం గురించి మొదట అడిగేది ఆక్టేన్ ఎంత ఉండాలనే. పిస్టన్ ఇంజిన్లతో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు అది సహజమైన ప్రశ్న. రోటరీ విషయంలో మాత్రం దానికి జవాబు తొందరగానే తేలిపోతుంది. కష్టమైన ప్రశ్నలు వేరే ఉన్నాయి. వేడిలో, ఎత్తులో పెట్రోలు ఆవిరి కాకుండా ఇంజెక్టర్ దాకా చేరుతుందా? అందులో ఇథనాల్ ఉందా, సీసం ఉందా? సీళ్లకు కావాల్సిన ఆయిల్ ఏ దారిలో వెళుతోంది? ఇంధనం ఎంపిక వీటి మీద ఆధారపడాలి. ఈ ఇంజిన్ చాలా రకాల పెట్రోలుతో తిరుగుతుంది. ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా ఉన్న పైపులు, పంపులు, సీలెంట్లు మాత్రం అన్ని రకాలనూ తట్టుకోలేవు.

ఇక్కడ రోటరీ అంటే ఫెలిక్స్ వాంకెల్ పేరుతో ప్రసిద్ధమైన ఇంజిన్. దీనిలో పిస్టన్ల బదులు మూడు మూలల రోటర్ హౌసింగ్ అనే గుల్ల లోపల తిరుగుతుంది, రెండింటి మధ్య ఖాళీలే పెట్రోలు మండే గదులు. జర్మనీలోని ఎన్ఎస్‌యూ కంపెనీలో దీని మొదటి నమూనా 1957లో తిరిగింది. 1967 నుంచి మాజ్దా దీన్ని కార్లలో పెద్ద ఎత్తున వాడింది. ఆ కంపెనీ ఆర్ఎక్స్-7, ఆర్ఎక్స్-8 కార్లలోని 13బి కుటుంబం ఇంజిన్లే హోమ్‌బిల్ట్ విమానాల్లో ఎక్కువగా కనిపిస్తాయి. రెండు రోటర్లు, ఒక్కో గది 654 సీసీ, మొత్తం 1308 సీసీ. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల్లో సిలిండర్లన్నీ గుండ్రంగా తిరిగే ఇంజిన్లను కూడా రోటరీ అనే అంటారు కానీ ఆ నిర్మాణం పూర్తిగా వేరు.

ఆక్టేన్ సంగతి ముందు చూద్దాం. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం స్పార్క్ వెలిగించిన మంట తన దాకా రాకముందే తనంతట తాను పేలితే దాన్ని నాకింగ్ అంటారు. తీవ్రమైన నాకింగ్‌ను డిటొనేషన్ అంటారు. ఆక్టేన్ అంకె ఎంత ఎక్కువైతే పెట్రోలు దీన్ని అంత బాగా తట్టుకుంటుంది. పిస్టన్ ఇంజిన్లో దీనికి దోహదం చేసేవాటిలో ఒకటి వేడెక్కిన ఎగ్జాస్ట్ వాల్వు. రోటరీలో వాల్వులే లేవు. పైగా గాలి లోపలికి వచ్చే చోటు ఒకటి, మండే చోటు మరొకటి. కొత్త మిశ్రమం ఎప్పుడూ హౌసింగ్‌లో చల్లగా ఉండే వైపు నుంచే వస్తుంది. పొడవుగా, పలచగా ఉండే గదిలో గోడలు మిశ్రమం నుంచి వేడిని త్వరగా లాగేస్తాయి. అందుకే టర్బో లేని 13బి ఇంజిన్లు, 9.5 దగ్గర కంప్రెషన్ నిష్పత్తితో, మామూలు కారు పెట్రోలుతో ఇబ్బంది లేకుండా నడుస్తాయి.

టర్బో, అంటే ఎగ్జాస్ట్ బలంతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని నెట్టే పరికరం, ఉంటే ఈ మాట వర్తించదు. రోటర్ మూడు కొనల్లో ఉండే సన్నని పట్టీలను ఎపెక్స్ సీళ్లు అంటారు. గదుల మధ్య పీడనాన్ని ఆపేది ఇవే. బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పెంచినప్పుడు ఒక్కసారి గట్టిగా డిటొనేషన్ వచ్చినా ఇవి విరిగిపోవచ్చు. విరిగిన ముక్క ఎగ్జాస్ట్ గుండా బయటకు వెళ్తూ టర్బైన్ రెక్కలను కూడా దెబ్బతీస్తుంది. సీలు పోయినా రోటరీ చాలాసార్లు పూర్తిగా ఆగిపోదు, తగ్గిన పవర్‌తో తిరుగుతూ ఉంటుంది. ఈ ఇంజిన్‌ను ఇష్టపడేవాళ్లు చెప్పే పెద్ద కారణాల్లో ఇదొకటి, అది న్యాయమైన కారణమే. కానీ తగ్గిన పవర్‌తో ఎత్తు నిలబెట్టుకోగలగడం విమానం బరువు మీద, అది ఉన్న చోటు మీద ఆధారపడుతుంది. కాబట్టి టర్బో పెట్టినవాళ్లు ఆక్టేన్ విషయంలో రాజీ పడకూడదు, బూస్ట్‌కు కచ్చితమైన పరిమితి పెట్టుకోవాలి.

పంపు మీద కనిపించే అంకె దేశాన్ని బట్టి మారుతుంది. ఆక్టేన్‌ను రెండు పరీక్షలతో కొలుస్తారు, తేలికైనది రీసెర్చ్, కఠినమైనది మోటార్. యూరప్‌లో 95 అంటే రీసెర్చ్ ఆక్టేన్. అమెరికాలో 87, 91 అని రాసేవి రీసెర్చ్, మోటార్ ఆక్టేన్ల సగటు. విమాన ఇంధనానికి లెక్కలోకి వచ్చేది మోటార్ ఆక్టేన్‌కు దగ్గరి కొలత, అది ఇంకా తక్కువ అంకె చూపిస్తుంది. యూరప్ ప్రమాణం ప్రకారం 95 రీసెర్చ్ ఆక్టేన్ ఉన్న పెట్రోలుకు మోటార్ ఆక్టేన్ కనీసం 85 ఉంటే సరిపోతుంది. 95 పెట్రోలు, 91 అవ్‌గ్యాస్‌ను (విమానాల కోసం చేసే పెట్రోలు) పక్కపక్కన పెట్టి 95దే పైచేయి అనుకుంటే లెక్క తలకిందులవుతుంది.

ఇక సీసం. చిన్న విమానాల్లో ఎక్కువగా వాడే నీలిరంగు అవ్‌గ్యాస్ 100 ఎల్ఎల్. ఎల్ఎల్ అంటే సీసం తక్కువ అని అర్థం. కానీ ప్రమాణం ప్రకారం లీటరుకు 0.56 గ్రాముల దాకా సీసం ఉండవచ్చు. ఒకప్పటి ఇంకా ఎక్కువ సీసం ఉన్న అవ్‌గ్యాస్‌తో పోలిస్తేనే ఇది తక్కువ. గంటకు 35 లీటర్లు తాగే ఇంజిన్ అయితే గంటలో దాదాపు 20 గ్రాముల సీసం దాని గుండా పోతుంది. ఎక్కువ భాగం ఎగ్జాస్ట్‌తో బయటకు వెళ్లిపోయినా మిగిలింది ప్లగ్గుల మీద, ఆయిల్లో పేరుకుంటుంది.

సీసం పెట్రోల్లో ఎందుకు కలుపుతారో గుర్తు చేసుకుంటే రోటరీకి దాని అవసరం ఎంత తక్కువో తెలుస్తుంది. మొదటి కారణం ఆక్టేన్ పెంచడం, టర్బో లేని రోటరీకి అంత ఆక్టేన్ అక్కర్లేదు. రెండోది, పాత పిస్టన్ ఇంజిన్లలో వాల్వు సీట్లు అరగకుండా కాపాడటం. వాల్వులే లేని ఇంజిన్‌కు ఆ లాభం కూడా లేదు. మిగిలేది నష్టం ఒక్కటే. నాలుగు సిలిండర్ల విమాన ఇంజిన్‌కు ఎనిమిది ప్లగ్గులుంటే 13బికి నాలుగే. దాదాపు అంతే ఇంధనం సగం ప్లగ్గుల ముందు మండుతుంది. పైగా రోటరీలో షాఫ్ట్ తిరిగిన ప్రతిసారీ ఒక్కో రోటర్ దగ్గర ఒక పవర్ స్ట్రోక్ ఉంటుంది. 6000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో ప్లగ్గు నిమిషానికి 6000 సార్లు వెలగాలి. 2400 ఆర్‌పీఎంతో తిరిగే మామూలు విమాన ఇంజిన్లో అది 1200 సార్లే. ఇంత పని చేసే ప్లగ్గు మీద సీసం పేరుకుంటే మిస్‌ఫైర్లు తప్పవు. 100 ఎల్ఎల్ మీద ఎక్కువగా ఎగిరేవాళ్లు ప్లగ్గులను తరచుగా మార్చేయడం మంచి అలవాటు. కారు ప్లగ్గులు కాబట్టి వాటిని శుభ్రం చేసి మళ్లీ పెట్టుకోవాల్సిన అవసరం లేదు.

సీసం పాడుచేసే మరో భాగం ఆక్సిజన్ సెన్సర్. ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఉన్న రోటరీల్లో మిశ్రమం ఎంత చిక్కగా ఉందో చెప్పేది ఇదే. సీసం ఉన్న ఇంధనంతో ఇది త్వరగానే మందగించడం మొదలుపెట్టి, తర్వాత తప్పుడు రీడింగులు ఇస్తుంది. చచ్చిపోయిన సెన్సర్ కంటే అబద్ధం చెప్పే సెన్సర్ ప్రమాదం. 100 ఎల్ఎల్ వాడేవాళ్లు ఇంజెక్షన్‌ను నడిపే కంట్రోలర్‌ను ఆ సెన్సర్ మీద ఆధారపడనివ్వకుండా సెట్ చేసి, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత చూస్తూ మిశ్రమాన్ని చేత్తో సర్దుకోవడం మేలు. సీసం ఇంజిన్ ఆయిల్లోకి కూడా చేరుతుంది. పూర్తి సింథటిక్ ఆయిల్ దాన్ని తనలో తేలేలా పట్టి ఉంచలేక మడ్డిగా వదిలేస్తుంది. అందుకే సీసం ఉన్నంతకాలం మినరల్ ఆయిల్, లేదా దానికి దగ్గరి రకం, తక్కువ వ్యవధిలో మార్చుకోవాలి.

ఇంతా చెప్పాక అవ్‌గ్యాస్ చెడ్డ ఇంధనం అనుకుంటే పొరపాటు. సీసం తీసేసి చూస్తే, ఎగరడానికి దానికంటే నమ్మదగ్గ పెట్రోలు లేదు. కారణం ఆవిరి పీడనం.

పెట్రోలు ఆవిరయ్యే గుణాన్ని 37.8 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలుస్తారు. అవ్‌గ్యాస్‌కు ఆ పీడనం 38 నుంచి 49 కిలోపాస్కళ్ల మధ్యే ఉండాలని ప్రమాణం. కారు పెట్రోలుకు ఇది కాలాన్ని బట్టి మారుతుంది. చలికాలంలో ఇంజిన్ సులువుగా స్టార్ట్ కావాలని చల్లని దేశాల్లో తేలికగా ఆవిరయ్యే పదార్థాలు ఎక్కువ కలుపుతారు. అలాంటి పెట్రోలుకు ఆవిరి పీడనం 100 కిలోపాస్కళ్ల దాకా వెళ్లవచ్చు. సముద్ర మట్టం దగ్గర గాలి పీడనం 101 కిలోపాస్కళ్లు. అంటే ఆ పెట్రోలు 38 డిగ్రీల దగ్గర, నేల మీదే, మరిగే స్థితికి వచ్చేస్తుంది. 10,000 అడుగుల ఎత్తులో గాలి పీడనం 70 కిలోపాస్కళ్లకు పడిపోతుంది. అక్కడ మరగడానికి అంత వేడి కూడా అక్కర్లేదు.

లైన్‌లో బుడగలు పుట్టి పంపు పెట్రోలును నెట్టలేకపోవడాన్ని వేపర్ లాక్ అంటారు. కారులో ఇది జరిగితే రోడ్డు పక్కన ఆపుకోవచ్చు. విమానంలో ఇది జరిగే అవకాశం ఎక్కువగా ఉండేది టేకాఫ్ తర్వాత, అంటే ఇంజిన్ గరిష్ఠ పవర్ మీద, పెట్రోలు గరిష్ఠంగా కావాల్సిన సమయంలో, నేలకు దగ్గరగా. ఎగిరొచ్చిన విమానాన్ని ఎండలో ఆపి, అరగంట తర్వాత మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు పరిస్థితి ఇంకా కష్టం. ఆగిన ఇంజిన్ వేడంతా కౌలింగ్ (ఇంజిన్ చుట్టూ ఉండే మూత) లోపలే ఉండి పెట్రోలు లైన్లను బాగా వేడెక్కిస్తుంది. రోటరీ కౌలింగ్ లోపల వేడి మరీ ఎక్కువ. దీని ఎగ్జాస్ట్ వాయువులు పిస్టన్ ఇంజిన్ కంటే వేడిగా బయటకు వస్తాయి. ఆ పైపు పక్క నుంచి పెట్రోలు లైన్ వెళ్లే డిజైన్లు కనిపిస్తూనే ఉంటాయి, వాటిని చూస్తేనే టెన్షన్ వస్తుంది.

ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఉంటే వేపర్ లాక్ రాదని చాలామంది అంటారు. సగమే నిజం. పంపు దాటాక లైన్లో దాదాపు 3 బార్ల పీడనం ఉంటుంది కాబట్టి అక్కడ పెట్రోలు మరగదు. సమస్యంతా పంపుకు ముందు ఉంటుంది. పంపు లాగుతున్నప్పుడు ఆ వైపు పీడనం చుట్టూ ఉన్న గాలి కంటే కూడా తగ్గుతుంది. రెక్కలు కింద ఉండే విమానాల్లో ట్యాంకు ఇంజిన్ కంటే దిగువన ఉంటుంది. ఫైర్‌వాల్ (ఇంజిన్‌ను కాక్‌పిట్ నుంచి వేరుచేసే గోడ) ముందు పెట్టిన పంపు పెట్రోలును పైకి లాగాలి, అదీ వేడి గదిలోకి. మలుపులు, సన్నని ఫిల్టర్లు, ఎడమ కుడి ట్యాంకులు మార్చే వాల్వు, ఇవన్నీ కలిసి ఆ పీడనాన్ని మరింత తగ్గిస్తాయి. మందు తేలికే. పంపులను ట్యాంకు దగ్గరగా, దాని మట్టం కంటే కిందగా, చల్లని వైపు పెట్టి పెట్రోలును నెట్టించాలి, లాగించకూడదు. వాడని పెట్రోలు తిరిగి వెళ్లే లైన్ ట్యాంకులోకే వెళ్లాలి. ట్యాంకుకూ పంపుకూ మధ్య ఉండే చిన్న హెడర్ ట్యాంకులోకి పంపిస్తే అదే పెట్రోలు మళ్లీ మళ్లీ తిరుగుతూ వేడెక్కుతుంది. ఫైర్‌వాల్ ముందున్న లైన్లకు వేడి తగలని తొడుగు, దానికి చల్లగాలి అందే దారి ఉండాలి. కారు పెట్రోలు మీద ఎగరాలా వద్దా అని తేల్చేది ఈ పైపుల అమరికే. అవి సరిగ్గా లేని విమానానికి అవ్‌గ్యాస్ కొంత వెసులుబాటు ఇస్తుంది. అంతే తప్ప డిజైన్ తప్పును సరిచేయదు.

ఇథనాల్ విషయం దీనికి ముడిపడి ఉంది. 10 శాతం ఇథనాల్ కలిపిన ఈ10 పెట్రోలుకు ఆవిరి పీడనం మామూలు పెట్రోలు కంటే దాదాపు 7 కిలోపాస్కళ్లు పెరుగుతుంది. సగం ఈ10, సగం ఇథనాల్ లేని పెట్రోలు కలిపితే పెరుగుదల కూడా సగానికి తగ్గుతుందని అనిపిస్తుంది. కానీ అలా జరగదు. 5 శాతం ఇథనాల్ దగ్గర కూడా పీడనం దాదాపు అంతే ఎత్తులో ఉంటుంది. అందుకే మిగిలిన అవ్‌గ్యాస్‌లో కాస్త ఈ10 కలిపి సర్దుకోవడం సురక్షితమైన మధ్యేమార్గం కాదు.

నీరు ఇంకో సమస్య. ఇథనాల్ లేని పెట్రోల్లో నీరు కలవదు, కిందకు దిగి విడిగా కనిపిస్తుంది, డ్రెయిన్ దగ్గర తీసి చూస్తే తెలిసిపోతుంది. ఈ10 కొంత నీటిని తనలో దాచుకుంటుంది, 15 డిగ్రీల దగ్గర దాదాపు అర శాతం. ఎత్తుకు వెళ్లి చల్లబడితే అంత నీటిని పట్టుకోలేదు. నీరు, ఇథనాల్ కలిసి ఒక పొరగా విడిపోయి ట్యాంకు అడుగుకు చేరుతాయి. పంపు మొదట లాగేది అడుగునుంచే. కార్ల గురించి రాసేటప్పుడు పైన మిగిలిన పెట్రోలు ఆక్టేన్ తగ్గిందని బాధపడతారు. ఈ ఇంజిన్‌కు ఆ బాధ లేదు. దాన్ని ఆపేసేది కింద పొర. పెట్రోల్లో ఆయిల్ కలిపి వాడేవాళ్లకు ఇంకో చిక్కుంది, ఆ ఆయిల్ పై పొరలోనే ఉండిపోతుంది. ఇంజిన్‌లోకి వెళ్లేది మండని ద్రవమే కాక ఆయిల్ లేని ద్రవం కూడా.

ఇథనాల్ తగిలితే కొన్ని రకాల రబ్బరు ఉబ్బుతుంది, కొన్ని ఫైబర్‌గ్లాస్ ట్యాంకుల రెజిన్ మెత్తబడుతుంది, పాత సీలెంట్లు ఊడిపోతాయి. హోమ్‌బిల్ట్ విమానాల్లో ఫైబర్‌గ్లాస్ ట్యాంకులు చాలానే ఉన్నాయి కాబట్టి ఇది తేలిగ్గా తీసుకునే సంగతి కాదు. కట్టేటప్పుడే ఆ రెజిన్, ఆ సీలెంట్ ముక్కలను వాడాలనుకున్న పెట్రోల్లో కొన్ని వారాలు నానబెట్టి చూసుకోవడం ఖర్చు లేని పరీక్ష. ఇథనాల్ మండటానికి తక్కువ గాలి సరిపోతుంది కాబట్టి, ఇథనాల్ లేని పెట్రోలుకు సెట్ చేసిన ఇంజెక్షన్ ఈ10తో దాదాపు 4 శాతం పలచని మిశ్రమం ఇస్తుంది. సెన్సర్ పనిచేస్తుంటే కంట్రోలర్ సర్దుకుంటుంది. ఒకే విమానంలో ఒకరోజు 100 ఎల్ఎల్, మరోరోజు ఈ10 పోసేవాళ్లకు ఇక్కడే ఇబ్బంది. మొదటిది సెన్సర్‌ను చంపుతుంది, రెండోదానికి ఆ సెన్సర్ కావాలి.

ఇథనాల్ ఉందో లేదో తెలుసుకోవడం చాలా సులభం. గీతలున్న గాజు గొట్టంలో కొంత నీళ్లు పోసి, ఆ మట్టం గుర్తు పెట్టుకుని, దాని మీద పెట్రోలు పోసి బాగా కుదిపి నిలకడగా ఉంచాలి. కింద నీటి మట్టం పెరిగినట్టు కనిపిస్తే పెట్రోల్లోని ఇథనాల్ నీటిలోకి దిగిందన్నమాట. బంకు దగ్గర బోర్డు ఏం చెప్పినా ప్రతి కొత్త లోడుకూ ఈ పరీక్ష చేయాలి.

ఆయిల్ సంగతి రోటరీకే ప్రత్యేకమైనది. ఎపెక్స్ సీళ్లు హౌసింగ్ గోడ మీద జారుతూ పోవాలంటే మండే గదిలోకి కొద్దిగా ఆయిల్ వెళ్లాలి. కార్లలో ఒక చిన్న మీటరింగ్ పంపు ఇంజిన్ సంప్‌లోని (అడుగున ఆయిల్ నిల్వ ఉండే తొట్టిలోని) ఆయిలునే కొలిచి లోపలికి పంపిస్తుంది. ఆ ఆయిల్ మండటానికి తయారు చేసింది కాదు, మండితే బూడిద మిగులుస్తుంది. 1989 తర్వాతి ఆర్ఎక్స్-7లలో ఆ పంపును కారు కంప్యూటరే నడిపేది. విమానంలో వేరే కంట్రోలర్ పెడితే అది పనిచేయదు. అందుకే చాలామంది టూ-స్ట్రోక్ ఆయిలును నేరుగా పెట్రోల్లో కలిపేస్తారు. అమెరికన్ గ్యాలన్‌కు ఒక ఔన్స్ అనేది బాగా వాడుకలో ఉన్న మోతాదు, అంటే 100 లీటర్లకు ముప్పావు లీటరుకు కాస్త పైన. పడవ మోటార్ల కోసం చేసే బూడిద లేని రకం దీనికి బాగా సరిపోతుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి తిరిగే సిలిండర్ల ఇంజిన్లలో ఆముదం వాడేవారు, అది పెట్రోల్లో సులువుగా కలవదు కాబట్టే. ఇక్కడ కావాల్సింది సరిగ్గా దానికి వ్యతిరేకం, పూర్తిగా కలిసిపోయి విడిపోని ఆయిల్.

కలపడంలో ఉన్న బలహీనత మనిషి జ్ఞాపకం. సొంత హ్యాంగర్లో ఎవరూ మర్చిపోరు. వేరే విమానాశ్రయంలో, వాతావరణం మారుతుందన్న తొందరలో, మరొకరు ట్యాంకు నింపుతున్నప్పుడు మర్చిపోతారు. ఒక్క ట్యాంకు ఆయిల్ లేకుండా వెళ్లినంత మాత్రాన ఇంజిన్ అప్పటికప్పుడు పాడవకపోవచ్చు, అరుగుదల మాత్రం లెక్కలోకి చేరుతుంది. ఇంతకంటే మంచి పద్ధతి ఉంది. మీటరింగ్ పంపును ఉంచి, దానికి సంప్ బదులు టూ-స్ట్రోక్ ఆయిల్ ఉన్న చిన్న ప్రత్యేక ట్యాంకు నుంచి ఆయిల్ అందేలా చేయడం. అప్పుడు ఏ ఊళ్లో ఏ ఇంధనం పోసినా సీళ్లకు ఆయిల్ అందుతుంది. సీసం, బూడిద ఉన్న సంప్ ఆయిల్ మండే గదిలోకి వెళ్లదు. ఆ ట్యాంకు మట్టం చూపే మీటరు కాక్‌పిట్‌లో ఉండాలన్నది ఒక్కటే షరతు.

జెట్ ఇంధనంతో రోటరీ నడపాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో కర్టిస్-రైట్, తర్వాత 1984లో ఆ విభాగాన్ని కొన్న జాన్ డీర్, నాసా సాయంతో ఇంధనాన్ని నేరుగా గదిలోకి చల్లి స్పార్క్‌తో వెలిగించే రోటరీల మీద పనిచేశాయి. అవి పూర్తిగా వేరే ఇంజిన్లు. కారు నుంచి తీసిన 13బిలో జెట్ ఇంధనం పోయడం గురించి ఆలోచించాల్సిన పని లేదు.

సీసం లేని అవ్‌గ్యాస్ రావడం రోటరీ వాడేవాళ్లకు నిజంగా మంచి వార్త. స్వీడన్‌లో అలాంటి 91/96 ఇంధనం 1991 నుంచే ఉంది. యూరప్‌లో యూఎల్91, అమెరికాలో 94యూఎల్ కొన్ని చోట్ల దొరుకుతున్నాయి. ఆవిరి పీడనం తక్కువ, ఇథనాల్ లేదు, సీసం లేదు, నెలల తరబడి నిల్వ ఉంటుంది. పెద్ద పిస్టన్ ఇంజిన్లకు ఇవి చాలవు, వాటికి 100 ఆక్టేన్ కావాలి. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 2022లో ఆమోదించిన జీ100యూఎల్ లాంటివి వాటి కోసమే. ఆ స్థాయి ఆక్టేన్‌ను సీసం లేకుండా సాధించడానికి ఆరోమాటిక్ పదార్థాలు (పెట్రోల్లో ఉండే ఒక రకం హైడ్రోకార్బన్లు) ఎక్కువ వాడాల్సి వస్తుంది. అందుకే సీలెంట్లు, విమానం మీది రంగు వాటిని తట్టుకుంటాయా అని ముందే చూసుకోవాలి. టర్బో లేని రోటరీకి ఆ అవసరమే లేదు, 91 లేదా 94 హాయిగా సరిపోతుంది. అమెరికాలో 2024 నాటి చట్టం 2030 చివరి దాకా, లేదా తగిన సీసం లేని ఇంధనం వచ్చేదాకా, విమానాశ్రయాల్లో 100 ఎల్ఎల్ దొరకాలని చెబుతోంది. యూరప్‌లో అవ్‌గ్యాస్‌లో కలిపే సీసపు రసాయనం వాడకానికి 2025 మే 1 నుంచి ప్రత్యేక అనుమతి కావాలి. ఈ రోజు కట్టడం మొదలుపెట్టిన విమానం తన జీవితంలో ఎక్కువ భాగం సీసం లేని ఇంధనం మీదే ఎగురుతుంది. ట్యాంకులు, సీలెంట్లు ఆ లెక్కతోనే ఎంచుకోవాలి.

సీసం లేని అవ్‌గ్యాస్ దొరకని చోట పనికొచ్చే పద్ధతి రెండు ట్యాంకులను రెండు రకాలుగా వాడటం. ఒకదానిలో 100 ఎల్ఎల్, రెండోదానిలో ఇథనాల్ లేని కారు పెట్రోలు. టేకాఫ్, ఎత్తుకు ఎక్కడం, ల్యాండింగ్ అవ్‌గ్యాస్ మీద, సమంగా సాగే ప్రయాణమంతా కారు పెట్రోలు మీద. సీసం వాడకం చాలా తగ్గుతుంది, ప్రమాదకరమైన నిమిషాల్లో ఆవిరి భయం తగ్గుతుంది. ట్యాంకు మార్చడం మాత్రం సురక్షితమైన ఎత్తులో, దిగడానికి చోటు కనిపిస్తున్నప్పుడే చేయాలి. కారు పెట్రోలు నెలలు గడిస్తే తేలిక భాగాలు పోయి జిగురు పట్టడం మొదలవుతుంది కాబట్టి ఆ ట్యాంకును తరచుగా ఖాళీ చేసుకోవాలి. చల్లని దేశాల్లో చలికాలపు పెట్రోలును అందులో వదిలేసి, వేసవిలో మొదటి వేడి రోజున అదే పెట్రోలుతో బయల్దేరకూడదు.

ఏ ఇంధనం ఎంచుకున్నా దానితో మొదటిసారి ఎగిరే ముందు నేల మీదే కఠినంగా పరీక్షించాలి. బాగా వేడిగా ఉన్న మధ్యాహ్నం ఇంజిన్‌ను పూర్తిగా వేడెక్కించి, ఆపి, కౌలింగ్ మూసి ఉంచి అరగంట వదిలేయాలి. మళ్లీ స్టార్ట్ చేసి విమానాన్ని కట్టేసి, పూర్తి పవర్ మీద కొన్ని నిమిషాలు నడుపుతూ పెట్రోలు పీడనం ముల్లును చూడాలి. అది వణికితే ఆ ఇంధనంతో ఆ విమానం ఇంకా సిద్ధం కాలేదు. అప్పుడు మార్చాల్సింది చాలాసార్లు పెట్రోలును కాదు, పంపు ఉన్న చోటును.